పిడి కనబడని కప్పు

పోయిన ఏడాది ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, మూడో తరగతి చదివే పిల్లవాడొకడు తన కాగితాన్ని నా ముందుకు తెచ్చి, "టీచర్, నాకు కప్పు చెవి కనపళ్లేదు, అయినా ఏసినా" అని చెప్పాడు. స్టూలు మీద పెట్టిన పాత స్టీలు కప్పు పిడి వాడు కూర్చున్న చోటికి సరిగ్గా అవతలి వైపున ఉంది. వాడి బొమ్మలో మాత్రం ఆ పిడి కుడి పక్కన, ఏనుగు చెవి అంత వెడల్పుగా, ఏ అనుమానానికీ తావు లేకుండా ఉంది. కనబడని దాన్ని ఎందుకు వేశావని అడిగితే, "చెవి లేకపోతే అది గలాసు అయిపోద్ది గదా టీచర్" అన్నాడు. ఆ జవాబు విన్న తరువాత వాడి బొమ్మను సరిదిద్దడానికి నాకు చేయి రాలేదు. చిన్న పిల్లల చేత ఎదురుగా ఉన్న వస్తువును చూసి బొమ్మ గీయించడంలో ఉన్న చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మా బడి నెల్లూరు జిల్లాలో, పొదలకూరు నుంచి ఆటోలో అరగంట ప్రయాణమంత దూరంలో ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 26 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులం. డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఉన్నత పాఠశాలలకే గాని మా వంటి ప్రాథమిక పాఠశాలలకు ఉండదు. అందువల్ల, చదువుకునే రోజుల్లో ప్రభుత్వం పెట్టే లోయర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్ష పాసైన నేనే శుక్రవారం చివరి రెండు పీరియడ్లలో పిల్లల చేత బొమ్మలు వేయిస్తున్నాను. పదో తరగతి వరకు కళలను కూడా ఒక పాఠ్యవిషయంగా బోధించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. ఆ మాట ఏ బడిలో ఎంతవరకు అమలవుతుందన్నది ఆ బడిలోని ఉపాధ్యాయుల తీరిక మీద, ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి ఆరేడు సంవత్సరాలు నేను కూడా నల్లబల్ల మీద బొమ్మ గీసి, దాన్ని చూసి వేయమనేదాన్ని. మామిడికాయ, జాతీయ జెండా, తామరపువ్వు, ఆ తరువాత మన రాష్ట్రంలో ప్రతి బడిలోనూ కనిపించే ఆ ప్రకృతి దృశ్యం: రెండు కొండలు, వాటి మధ్య ఉదయించే సూర్యుడు, ఒక పూరిల్లు, ఒక కొబ్బరిచెట్టు, నాలుగు పక్షులు. మా ఊరికి పడమటి దిక్కున వెలిగొండల వరస నీలంగా కనబడుతుంది. మా ఊళ్లో సూర్యుడు కొండల మధ్య నుంచి పైకి రాడు, సాయంత్రం కొండల వెనక్కి దిగిపోతాడు. ప్రతిరోజూ ఆ దృశ్యాన్ని చూస్తూ ఇంటికి నడిచే పిల్లలు, ఏళ్ల తరబడి నా మాట విని సూర్యుణ్ణి కొండల మధ్య ఉదయింపజేశారు. ఊరి చుట్టూ నిమ్మతోటలున్నా ఒక్కరు కూడా నిమ్మచెట్టు వేయలేదు, ఎందుకంటే నేను బల్ల మీద కొబ్బరిచెట్టు గీశాను. ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బల్ల మీద బొమ్మను చూసి గీసే పిల్లవాడు నేర్చుకునేది నా గీతను. వస్తువును చూడవలసిన అవసరం వాడికి రానే రాదు. అందుకే బల్ల మీద గీయడం మానేసి, స్టూలు మీద వస్తువు పెట్టడం మొదలుపెట్టాను. డ్రాయింగ్ మాస్టార్లు స్టిల్ లైఫ్ అని పిలిచే వస్తు చిత్రణ అంటే ఇదే.

స్టూలు మీద వస్తువు పెట్టినంత మాత్రాన పిల్లలు దాన్ని చూస్తారనుకోవడం కూడా సరికాదు. పిడి వేసిన ఆ పిల్లవాడు కప్పును చూడలేదని కాదు, కప్పు గురించి తనకు తెలిసినది చెప్పాడు. ఈ విషయాన్ని ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్-హెన్రీ లుకే గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే గమనించి రాశాడు. చిన్న పిల్లలు కంటికి కనబడేదాన్ని కాక మనసుకు తెలిసినదాన్ని గీస్తారని, కనబడినట్లుగా గీయడం ఆ తరువాతి మెట్టు అని ఆయన వివరించాడు. 1972లో నార్మన్ ఫ్రీమన్, జానికౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లల ముందు ఒక కప్పు పెట్టి దీన్ని పరీక్షించారు. కప్పు పిడిని పిల్లలకు కనబడకుండా అవతలికి తిప్పి, కప్పు మీద ఉన్న పువ్వు బొమ్మను మాత్రం ఎదురుగా కనబడేటట్లు పెట్టారు. చిన్నవాళ్లు కనబడని పిడిని వేసి, కనబడుతున్న పువ్వును వదిలేశారు. ఎనిమిదేళ్లు నిండిన వాళ్లు పిడిని వదిలి పువ్వును వేశారు. మా బడిలో ఆ పరీక్షను ఎవరూ పెట్టకుండానే, స్టూలు మీది స్టీలు కప్పు అదే సంగతిని రుజువు చేసింది.

ఇది తెలిసిన తరువాత ఒకటి, రెండు తరగతుల పిల్లలను "ఉన్నది ఉన్నట్టు వెయ్యి" అని ఒత్తిడి చేయడం పూర్తిగా మానేశాను. ఆ వయసులో పిడి వేయడం తప్పు కాదు, అది వాళ్ల తెలివి. కప్పును గ్లాసు నుంచి వేరు చేసేది పిడి అని తెలిసిన పిల్లవాడు ఆ తెలివిని కాగితం మీద పెడితే, దాన్ని కొట్టివేసే హక్కు నాకు లేదని నా నమ్మకం. ఒకటి, రెండు తరగతులకు నేను కాగితం కూడా ఇవ్వను. పలక, బలపం ఇస్తాను. ఇప్పుడు పిల్లల సంచుల్లో ప్లాస్టిక్ చట్రాల పలకలు వస్తున్నాయి గాని, మా బీరువాలో మార్కాపురం రాతి పలకలు డజను దాకా మిగిలి ఉన్నాయి. రాతి పలక మీద బలపం పడే తీరు వేరు. మెత్తగా పట్టుకుంటే లేత గీత, గట్టిగా నొక్కితే తెల్లటి గీత వస్తుంది, బలపాన్ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఒక పట్టీ అంత వెడల్పున తెలుపు పరుచుకుంటుంది.

పలక నేర్పే ఇంకొక విషయం నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు. కాగితం తెల్లనిది, పెన్సిలు నల్లనిది, కాబట్టి కాగితం మీద గీసేటప్పుడు మనం నీడను వేస్తాం. పలక నల్లనిది, బలపం తెల్లనిది, కాబట్టి పలక మీద మనం వెలుగును వేస్తాం. రెండో తరగతి పిల్లల ముందు కిటికీ పక్కన ఒక మట్టి ముంత పెట్టి, "ముంత మీద ఎండ ఎక్కడ పడిందో అక్కడ మాత్రమే బలపం రుద్దండి, ఇంకేమీ గీయొద్దు" అని చెప్పాను. గీత ఒక్కటీ లేకుండా, కేవలం ఎడమ పక్కన ఒక తెల్లటి వంపు, మూతి అంచున సన్నని మెరుపు, అంతే వేసిన పలకలు కొన్ని వచ్చాయి. దూరం నుంచి చూస్తే ఆ పలకల్లో నల్లదనంలో నుంచి ముంత పైకి వస్తున్నట్లే ఉంది. ఆ పిల్లలకు ముంత ఆకారాన్ని గీయమని చెప్పి ఉంటే, ఒక సున్నా, దాని మీద ఒక మూత వేసి ఊరుకునేవాళ్లు.

వస్తువులను ఎంచుకోవడంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. పిల్లలు చేతితో పట్టుకుని, బరువు తెలుసుకుని, వాసన చూసి ఎరిగిన వస్తువు కావాలి. మాకు నిమ్మకాయలకు కొదవ లేదు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకు కాయలు తోలే ఇళ్ల పిల్లలే మా బడిలో సగం మంది ఉన్నారు. నిమ్మకాయ చూడడానికి గుండ్రంగా ఉన్నట్లుంటుంది గాని, ఒక కొసన చిన్న ముచ్చిక, రెండో కొసన తొడిమ తెగిన గుంట, పక్కన ఒక్కొక్కదానికి ఒక్కొక్క రకం మచ్చ ఉంటాయి. ఏ రెండు కాయలూ ఒకే రకంగా ఉండవు. బంతిని గీసే పిల్లవాడు చూడకుండా గీయగలడు, నిమ్మకాయను చూడకుండా గీయలేడు. నిమ్మకాయతో పాటు మట్టి ముంత, గీతలు పడి మెరుపు తగ్గిన ఇత్తడి చెంబు, తాళం కప్ప, ఉదయగిరి చెక్క గరిటె. మా జిల్లాలోని ఉదయగిరిలో చెక్కతో చేసే చెంచాలు, గరిటెలకు మంచి పేరుంది. ఆ గరిటెల కాడ మీద చెక్కిన నగిషీని నాలుగో తరగతి పిల్లలు లెక్కపెట్టి మరీ వేస్తారు. తళతళలాడే కొత్త స్టీలు చెంబును మాత్రం నేను పెట్టను. అందులో కిటికీ, పైకప్పు, పిల్లల ముఖాలు అన్నీ కనబడి, ఏది వేయాలో తెలియక చిన్నవాళ్లు తికమకపడతారు. ప్లాస్టిక్ పువ్వులు కూడా నాకు ఇష్టం లేదు. అవి ఎవరి చేతిలోనూ పెరగలేదు.

కూర్చునే పద్ధతి గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే నిలబడి ఉంది. గది ముందు భాగంలో ఒక్క బల్ల మీద వస్తువు పెట్టి, 26 మందినీ వరసలుగా కూర్చోబెడితే, వెనక వరసలోని వాళ్లకు ముందు వాళ్ల తలలే కనబడతాయి. అందుకని పెద్ద తరగతుల పిల్లలను ఐదారుగురి చొప్పున గుంపులు చేసి, ప్రతి గుంపు మధ్యలో ఒక స్టూలు వేసి, దాని మీద ఒకటి లేదా రెండు వస్తువులు మాత్రమే పెడతాను. పిల్లలు నేల మీద చాప వేసుకుని స్టూలు చుట్టూ వలయంగా కూర్చుంటారు. వస్తువు వాళ్ల కంటి ఎత్తుకు ఒక బెత్తెడు కిందుగా ఉండాలి. అంతకన్నా కిందికి పోతే పైనుంచి చూసినట్లుంటుంది, అంతకన్నా పైకి పోతే మూతి కనబడదు. ఎవరి చోట వాళ్లు కూర్చున్న తరువాత, చాప మీద వాళ్ల మోకాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటారు, లేచి నీళ్లు తాగి వచ్చినా మళ్లీ అదే చోట కూర్చోవడానికి.

ఆ తరువాత పది నిమిషాల పాటు పెన్సిలు ముట్టుకోకూడదు. ఈ పది నిమిషాల కోసం నేను చాలా పట్టుబడతాను. ముందుగా వస్తువును చేతుల్లోకి తీసుకుని ఒకరి తరువాత ఒకరు తడిమి చూస్తారు. కళ్లు మూసుకుని వేలితో దాని అంచు వెంట తిరిగి వస్తారు. తిరిగి స్టూలు మీద పెట్టాక, గాలిలో వేలితో ఆ అంచునే గీస్తారు. ఆ సమయంలో నేను అడిగే ప్రశ్నలు చిన్నవి. చెంబు మెడ ఎక్కువ సన్నగా ఉందా, అడుగు ఎక్కువ సన్నగా ఉందా? నిమ్మకాయ చెంబు ముందుందా, వెనకుందా, నీకెలా తెలిసింది? నిమ్మకాయను చెంబు పక్కన నిలబెడితే చెంబు మెడ దాకా వస్తుందా? జవాబు తప్పైనా నేను దిద్దను, "మళ్లీ చూడు" అంటాను. వాళ్లే ఒకరినొకరు దిద్దుకుంటారు. ఒకసారి ఐదో తరగతి అమ్మాయి ఒకతె ఉన్నట్టుండి, "టీచర్, చెంబుకు కడుపు మధ్యలో లేదు, కిందికి జారి ఉండాది" అన్నది. రోజూ నీళ్లు ముంచుకునే చెంబును ఆమె అంతవరకు ఎన్ని వందల సార్లు పట్టుకుని ఉంటుందో గాని, దాని కడుపు ఎక్కడుందో చూసింది ఆ రోజే.

చెంబు మూతిని గీయడం ఒక పెద్ద ఘట్టం. ఏ బడిలో చూసినా పిల్లలు మూతిని పూర్తి గుండ్రంగా గీసి, అడుగును స్కేలు పెట్టినట్లు సాపుగా గీస్తారు. మూతి గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు, చెంబు నేల మీద సాపుగా కూర్చుంటుందనీ తెలుసు, ఆ రెండు నిజాలనూ ఒకే బొమ్మలో పెడతారు. దీర్ఘవృత్తం, పర్‌స్పెక్టివ్ (చూసే చోటును బట్టి ఆకారం మారి కనబడడం) అనే మాటలు వాళ్ల ముందు ఎత్తవలసిన అవసరం లేదు. ఆడపిల్లల చేతి గాజులు చాలు. ఒక గాజును తీసి రెండు వేళ్లతో పట్టుకుని, ముఖానికి ఎదురుగా నిలువుగా పెట్టుకుంటే అది పూర్తి గుండ్రం. మెల్లగా వెనక్కి వాలుస్తూ పోతే ఆ గుండ్రం నొక్కుకుపోయి, కంటికి సరిగ్గా ఎదురుగా పడుకోబెట్టినప్పుడు ఒక్క గీతగా మిగులుతుంది. మగపిల్లలు కూడా గాజులు అడిగి తీసుకుని ఇదే చేస్తారు, ఆ ఆట చాలాసేపు సాగుతుంది, నేను ఆపను. ఆ తరువాత ఒక కన్ను మూసి, గాజును చెంబు మూతికి దూరం నుంచే పోల్చి, ఎంత వాలిస్తే రెండూ ఒకే ఆకారంలో కనబడతాయో చూడమంటాను. చెంబు అడుగు కూడా గాజు వంటిదేనని, మూతి కన్నా కంటికి ఇంకా కిందికి ఉంది కాబట్టి అక్కడి వంపు ఇంకొంచెం ఎక్కువగా ఉంటుందని పెద్ద తరగతుల వాళ్లు తమంతట తామే పట్టుకుంటారు.

అప్పుడు ఇంకొక పొరపాటు వస్తుంది. నొక్కుకుపోయిన గుండ్రానికి రెండు పక్కలా కొసలు తేలి, మూతి కాస్తా కన్ను ఆకారంలోకి మారిపోతుంది. దానికి నేను చెప్పే మాట ఒకటే: "గాజుకు మూలలుంటాయా?" వాళ్లు మళ్లీ గాజును వాల్చి చూస్తారు, ఎంత వాల్చినా మూల రాదు.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఖాళీలను చూడడం కూడా నేర్పుతాను. కప్పు పిడికి, కప్పు ఒంటికి మధ్య ఒక ఖాళీ ఉంటుంది కదా, ముందు ఆ ఖాళీ ఆకారాన్ని మాత్రమే గీయమంటాను. పిడిని గీయమంటే చెవి గీస్తారు, ఎందుకంటే చెవి వాళ్లకు ముందే తెలుసు. ఖాళీకి పేరు లేదు, దాని గురించి ముందుగా తెలిసినదీ ఏమీ లేదు, కాబట్టి దాన్ని చూడక తప్పదు. పాత శుభలేఖ అట్టను మధ్యలో కత్తిరించి చిన్న కిటికీ చేసి, అందులో నుంచి చూస్తే ఈ ఖాళీలు ఇంకా తేలికగా దొరుకుతాయి. చీపురు పుల్లను చేయి చాచి పట్టుకుని కొలతలు తీయడం ఐదో తరగతికి ముందు ఎవరికీ పట్టుబడలేదు. చేయి మధ్యలో ముడుచుకుపోతుంది, కొలత మారిపోతుంది. అందుకని చిన్నవాళ్లకు దాన్ని చెప్పడం మానేశాను.

నేను చేసిన ఒక తప్పు గురించి ఇక్కడ రాయాలి. కొన్నేళ్ల కిందట నాలుగో తరగతి అమ్మాయి ఒకతె మట్టి ముంతను కాస్త ఒరిగిపోయినట్లు గీసింది. మరునాడు మండలంలోని ఒక అధికారి బడికి వస్తున్నారని, గోడ మీద బొమ్మలు అంటించాలని ఉన్న తొందరలో, ఆమె చేతిలోని పెన్సిలు తీసుకుని ఆ కాగితం మీదే రెండు పక్కలా సరైన గీత గీసి ఇచ్చాను. ముంత నిలబడింది. పక్కనున్న పిల్లలందరూ బాగుందన్నారు. ఆ అమ్మాయి కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది, గోడకు ఇవ్వలేదు. ఆ తరువాత మూడు శుక్రవారాల పాటు ప్రతిసారీ తెల్ల కాగితాన్ని నా దగ్గరికి తెచ్చి, "మీరే ఏసీండి టీచర్" అన్నది. గీయడం తనకు రాదని ఆమెకు నేర్పింది నేనే. ఆమె ముంత ఎందుకు ఒరిగిందో కూడా నేను అప్పుడు చూడలేదు. తరువాత ఆమె కూర్చున్న చోట కూర్చుని చూస్తే, ఆ ముంత నిజంగానే కుమ్మరి సారె మీద కొంచెం ఒక పక్కకు ఒరిగి తయారైన ముంత. నాలుగో వారం ఆమె ఎదురుగానే ఆ సంగతి ఒప్పుకుని, ముంతను ఆమె చేతికిచ్చి, అది ఎటు ఒరిగిందో నాకు చూపించమన్నాను. ఆ రోజు ఆమె మళ్లీ పెన్సిలు పట్టింది. అప్పటి నుంచి ఏ పిల్లవాడి కాగితం మీదా నా గీత పడలేదు. ఏదైనా చూపించవలసి వస్తే పక్కన ఒక పలక పెట్టుకుని, దాని మీద గీసి, వెంటనే చెరిపేస్తాను.

పిడి వేసిన పిల్లవాడి దగ్గరకు మళ్లీ వస్తాను. వాడి కాగితాన్ని అలాగే ఉంచి, ఇంకొక కాగితం ఇచ్చి, స్టూలుకు అవతల కూర్చున్న పిల్ల చోటికి వెళ్లి కూర్చోమన్నాను. ఆ పిల్లను వీడి చోటికి రమ్మన్నాను. అక్కడి నుంచి పిడి నిండుగా ఎదురుగా కనబడింది. వాడు కాసేపు కప్పును, కాసేపు తన పాత చోటును చూసి, "ఈడ నుంచి చెవి నా మీదికి వస్తుండాది" అన్నాడు. నిజమే, ఎదురుగా ఉన్న పిడి పక్కకు పొడుచుకుని రాదు, చూసేవాడి మీదికి వస్తున్నట్లుంటుంది, కాగితం మీద అది కప్పు ఒంటి మీద ఒక సన్నని నిలువు పట్టీగా పడుతుంది. వాడు అలాగే వేశాడు. వాడి చోట కూర్చున్న పిల్ల మాత్రం పిడి లేకుండా కప్పు గీసి, గ్లాసు అనుకుంటారేమోనని అనుమానం వచ్చిందో ఏమో, కింద "కప్పు" అని రాసింది. గంట కొట్టే ముందు ఆ గుంపులోని ఆరుగురి కాగితాలనూ స్టూలు చుట్టూ, ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడ, నేల మీద పరిపించాను. ఒకదాంట్లో పిడి ఎడమన, ఒకదాంట్లో కుడిన, ఒకదాంట్లో ఎదురుగా, ఒకదాంట్లో అసలే లేదు. పిల్లలు ఆ కాగితాల చుట్టూ తిరుగుతూ, కప్పు తిరుగుతున్నట్లుందని కేకలు వేశారు. అంతవరకు పక్కవాడి బొమ్మకు తన బొమ్మకు తేడా వస్తే తనది తప్పనుకుని రబ్బరు తీసే పిల్లలు, ఆ రోజు తేడా లేకపోతేనే అనుమానించవలసి వస్తుందని గ్రహించారు. ఇప్పుడు మా బడిలో పక్కవాడి కాగితంలోకి తొంగి చూసి గీసే అలవాటు దాదాపుగా పోయింది, ఎందుకంటే పక్కవాడి కప్పు తన కప్పు కాదని వాళ్లకు తెలుసు.

నీడల పాఠం కూడా చోటుకు సంబంధించినదే, అయితే ఈసారి కదిలేది సూర్యుడు. మా గది కిటికీలు పడమటి వైపున్నాయి, కాబట్టి చివరి రెండు పీరియడ్లకు ఎండ లోపలికి వస్తుంది. పాఠం మొదట్లోనే స్టూలు మీద పరిచిన అట్ట మీద చెంబు నీడ చుట్టూ పెన్సిలుతో ఒక గీత గీయించి వదిలేస్తాను. అరగంట తరువాత చూస్తే నీడ ఆ గీతను దాటి పొడవై, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. "నీడ ఏసేటప్పుడు తొందరగా ఎయ్యాల" అని పిల్లలే నియమం పెట్టుకున్నారు. నీడను నల్లగా నింపేయకుండా, చెంబు దగ్గర ముదురుగా, దూరం పోయే కొద్దీ లేతగా ఉంటుందని చూడడం ఐదో తరగతి వాళ్లకు వచ్చింది. ఒక పిల్లవాడి తండ్రి చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు బంగారు చుక్కలున్న నల్లటి గెలాక్సీ రాయి ముక్కను, పుస్తకమంత దాన్ని, బడికి తెచ్చి ఇచ్చాడు. దాని మీద నిమ్మకాయ పెడితే కింద ఇంకొక నిమ్మకాయ తలకిందులుగా కనబడుతుంది, రెండూ ఒక్క చుక్క దగ్గర అంటుకుని ఉంటాయి. పిల్లలు ఆ రాయిని వంతులు వేసుకుని మరీ తీసుకుంటారు.

సామాను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామూలు హెచ్‌బీ పెన్సిలు ఒకటి, మెత్తగా, ముదురుగా పడే 4బీ పెన్సిలు ఒకటి, డ్రాయింగ్ షీటును నాలుగు ముక్కలు చేసిన కాగితం, దాని కింద పెట్టుకోవడానికి పరీక్ష అట్ట. రబ్బరును మొదటి పావుగంట సేపు నా దగ్గర పెట్టుకుంటాను. లేకపోతే మొదటి గీతనే పదిసార్లు చెరుపుతూ కాగితం చిరిగేదాకా కూర్చుంటారు. రంగులు నెలకొకసారి, క్రేయాన్లతో.

ఒక తల్లి, బడి తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లలు వారం వారం అదే చెంబు, అదే నిమ్మకాయ వేస్తున్నారని, కొత్త బొమ్మలు నేర్పడం లేదని నొచ్చుకుంటూ అడిగింది. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్నే. ఇటలీలోని బొలోన్యా నగరంలో జార్జియో మొరాండీ (1890–1964) అనే చిత్రకారుడు జీవితంలో చాలా భాగం తన ఇంట్లోని ఒక గదిలో అవే సీసాలను, కూజాలను, డబ్బాలను మార్చి మార్చి పెట్టుకుని గీశాడని, ఒక సీసాను ఒక బెత్తెడు పక్కకు జరిపితే ఆయనకు అది కొత్త బొమ్మ అయిందని ఆమెకు చెప్పాను. ఆమె ఆ మాట ఎంతవరకు ఒప్పుకుందో తెలియదు. ఆమె కూతురు మొదటి వారం, పదో వారం వేసిన రెండు చెంబులను పక్కపక్కన పెట్టి చూపించాక, చాలాసేపు ఆ కాగితాలను చేతిలోనే ఉంచుకుంది. మొదటి దానికి సాపైన అడుగు, పూర్ణచంద్రుడి వంటి మూతి ఉన్నాయి. రెండోదాని కడుపు కిందికి జారి ఉంది, మెడ మీద సొట్ట ఉంది. "ఈ సొట్ట మా చెంబుకు కూడా ఉండాది" అన్నది ఆమె. అది వాళ్ల చెంబే, ఆ వారం ఆ పిల్ల ఇంటి నుంచి తెచ్చింది.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ (1839–1906) ఎంత నిదానంగా గీసేవాడంటే, బొమ్మ పూర్తయ్యేలోగా ముందు పెట్టుకున్న పండ్లు కుళ్లిపోయేవని అంటారు. మా నిమ్మకాయలు అంత తొందరగా కుళ్లవు, ఎండుతాయి. దసరా సెలవులకు ముందు ఐదో తరగతి పిల్లలు వేసిన ఒక కాయను స్టూలు మీదే మరిచిపోయి గది తాళం వేశాం. సెలవులయ్యాక తలుపు తీస్తే ఆ కాయ చిన్నదై, గోధుమ రంగుకు తిరిగి, తోలు ముడతలు పడి, ముచ్చిక ఒక్కటీ గట్టిగా పొడుచుకుని ఉంది. పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను. చెంబు కడుపు కనిపెట్టిన ఆ అమ్మాయి తన పాత కాగితం తీసి, కాయ పక్కన పెట్టి చూసి, "ఉండండి టీచర్, ఇది ఆ కాయ కాదు, మళ్లీ ఏస్తాం" అన్నది. కాయను స్టూలు మీదే పెట్టి, కిటికీ రెక్కలు తీశాను. పిల్లలు తమ పాత సుద్ద గుర్తులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ చాప పరిచారు.